ఫజ్ర్ వేళకు సిద్ధమయ్యే హరీస్

తెల్లవారుజామున ముఅజ్జిన్ పిలుపు వినిపించే సరికి మన ఇళ్ళలో అందరికంటే ముందు మేల్కొనేది సాధారణంగా ఆ ఇంటి తల్లే. ఆమె పిండి గిన్నె బయట పెడుతుంది, పప్పు కుక్కర్‌లో వేస్తుంది, వుజూ చేసుకుని ముసల్లాపై నిలబడుతుంది. అయితే ఆమె మనసులో సగం వంటింట్లోనే ఉండిపోతుంది. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్కించుకుంటూ రుకూ చేయవలసిన పరిస్థితి ఆమెది. సలాం చెప్పిన మరుక్షణమే లేచి పొయ్యి దగ్గరకు నడుస్తుంది. పిల్లల డబ్బాలు, బడి బస్సు, భర్త ఉద్యోగ వేళ ఒకదాని వెనుక ఒకటి తరుముకొస్తాయి. అందరూ తిని వెళ్ళిపోయాక చల్లారిన దోసె ముక్కతో, అదీ నిలబడే, ఆమె ఉపాహారం ముగుస్తుంది. దివ్య ఖుర్ఆన్ అల్మారాలో అలాగే ఉండిపోతుంది.

తన అనుచర సమాజానికి ఉదయపు తొలి వేళల్లో శుభాన్ని ప్రసాదించమని దైవప్రవక్త (స) అల్లాహ్‌ను వేడుకున్నారు. హజ్రత్ సఖ్ర్ గామిదీ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆయన స్వయంగా వ్యాపారి. తన సరుకును పొద్దున్నే పంపించేవారనీ, ఆయన సంపద వృద్ధి చెందిందనీ ఆ ఉల్లేఖనంలోనే ఉంది. ఆ దుఆ సమాజమంతటి కోసం చేసినది. అలాంటప్పుడు ఇంటి తల్లికి మాత్రం అందులోని వాటా ఎందుకు దక్కడం లేదు? ఈ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయించింది.

మేము చెప్పబోయే ఉపాయం చిన్నది. వారంలో ఒకటి రెండు రోజులైనా ఉదయపు వంటను రాత్రికి మార్చుకోవడం. ఇషా తరువాత పాత్రలో వేసి మూత పెడితే, ఫజ్ర్ వేళకు తినడానికి సిద్ధంగా ఉండే వంటకాన్ని ఎంచుకోవడం. అటువంటి వంటకాలలో మాకు నచ్చినది హరీస్. గోధుమలు, మాంసం, ఉప్పు, నీరు, కాస్త నెయ్యి, తగినంత సమయం ఉంటే చాలు, మరేమీ అక్కరలేదు.

రాత్రి వంట మనకు కొత్త కాదు

రాత్రంతా వండి ఉదయం తినే అలవాటు ముస్లిం సమాజాలలో శతాబ్దాలుగా ఉంది. నహారీ అనే పేరే ‘పగలు’ అనే అర్థమిచ్చే ‘నహార్’ అన్న అరబ్బీ పదం నుండి వచ్చింది. ఢిల్లీ, లక్నో, హైదరాబాద్ పాతబస్తీలలో ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చేవారి కోసం నహారీ దేగ్‌ల మూతలు తెరుచుకోవడం నేటికీ చూడవచ్చు. కశ్మీర్‌లో చలికాలం వచ్చిందంటే పొయ్యిలో దించిన పెద్ద మట్టికుండలో మాంసం రాత్రంతా ఉడికి, వేకువకు హరీసాగా మారుతుంది. మొరాకోలోని మరాకిష్ నగరంలో ‘తంజియా’ అనే మట్టి జాడీలో మాంసం నింపి, హమ్మాం నీళ్ళు కాచే కొలిమి బూడిదలో గంటల తరబడి ఉంచుతారు. ఈజిప్టు ప్రజలు ఇష్టపడే ‘ఫూల్’ అనే బాకలా గింజల వంటకం కూడా సన్నని మెడగల పాత్రలో రాత్రంతా మగ్గి, ఉదయం రొట్టెతో పాటు వడ్డనకు వస్తుంది.

వీటిలో హరీస్ చరిత్ర చాలా పాతది. పదవ శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. 2023లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్, సౌదీ అరేబియాల తరఫున హరీస్ తయారీ విద్యను యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే మన తెలుగు నేలకు ఇది పరాయి వంటకం కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు హైదరాబాద్‌లోని బార్కస్‌లో స్థిరపడ్డారు. సైనికుల ‘బ్యారక్స్’ అన్న మాటే ఆ పేటకు పేరుగా నిలిచింది. అక్కడ నేటికీ ఉదయం పూట హరీస్ దొరుకుతుంది. ఉప్పుది, తీపిది అని రెండు రకాలుగా వడ్డిస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం కూడా ఈ హరీస్ కుటుంబానికి చెందినదే. హలీంలో మసాలాలు, పప్పులు ఎక్కువ. హరీస్ సాదాగా ఉంటుంది కనుక పసిపిల్లలకూ వృద్ధులకూ అనువైనది.

ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఆ దేగ్‌ల దగ్గర, ఆ కొలిమిల దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేల్కొని ఉండేవారు. అది వారి వృత్తి, దానికి వారికి ప్రతిఫలం ముట్టేది. మన ఇంట్లో ఆ కాపలా ఎవరు కాయాలి? రోజంతా పనిచేసిన తల్లే రాత్రి కూడా మేల్కొనాలంటే ఉపాయం కాస్తా భారమవుతుంది.

నిప్పును వదిలి నిద్రపోరాదు

‘గ్యాస్ పొయ్యి మీద సన్నని మంట పెట్టి పడుకుంటే సరిపోతుంది కదా’ అని కొందరు అనుకోవచ్చు. అలా ఎంతమాత్రం చేయకూడదు. మంట గాలికి ఆరిపోతే గ్యాస్ ఇల్లంతా నిండుతుంది. నీరు ఇంకిపోతే పాత్ర మాడి మంటలు లేవవచ్చు. దీనిపై మనకు స్పష్టమైన ప్రవక్త ప్రబోధం కూడా ఉంది. నిద్రించేటప్పుడు ఇళ్ళలో నిప్పును వదిలివేయవద్దని ఆయన (స) ఆదేశించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) ఉల్లేఖించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ అందులోని వారితో సహా కాలిపోయిందని తెలిసినప్పుడు, నిప్పు మీకు శత్రువని హెచ్చరించి, పడుకునే ముందు దాన్ని ఆర్పమని సెలవిచ్చినట్లు హజ్రత్ అబూ మూసా (ర) తెలిపారు. ఇవి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసులు. రాత్రి పాత్రలపై మూతలు పెట్టమన్న ఆదేశం కూడా ఇదే కోవకు చెందినది.

మరి విద్యుత్తుతో నడిచే పాత్ర సంగతేమిటి? ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో, మస్జిదులలో వేలాడదీసే దీపాల గురించి చర్చిస్తూ, వాటి వల్ల అగ్నిప్రమాద భయం ఉంటే అవి కూడా ఆర్పివేయాలన్న ఆదేశం కిందికే వస్తాయని, ఆ భయం లేనప్పుడు వాటిని ఉంచడంలో దోషం కనబడదని వివరించారు. అంటే ఈ ఆదేశం ప్రాణరక్షణ కోసం వచ్చినది. మంట లేని, వేడి అదుపులో ఉండే పరికరాన్ని సురక్షితంగా అమర్చి వాడుకోవడానికి ఈ వివరణ మనకు దారి చూపుతుంది. అయితే ‘సురక్షితంగా’ అన్న షరతును మాత్రం మరువరాదు.

స్లో కుక్కర్ ఎలా పనిచేస్తుంది?

మందపాటి పింగాణీ పాత్ర, దాని చుట్టూ సన్నగా వేడినిచ్చే తీగ, పైన బిగువైన గాజు మూత. స్లో కుక్కర్ అంటే ఇంతే. అమెరికాకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ 1940లో దీనికి పేటెంటు పొందాడు. ఐరోపాలోని యూదులు శుక్రవారం సాయంత్రం కుండలను రొట్టెల బట్టీలో పెట్టి, సబ్బాత్ నాడు నిప్పు ముట్టకుండానే వేడి భోజనం చేసేవారు. తన ఇంటి పెద్దల నోట విన్న ఆ ఆచారమే ఆయనకు ఈ ఆలోచన ఇచ్చింది. 1971లో అది ‘క్రాక్‌పాట్’ పేరుతో బజారులోకి వచ్చింది.

ఈ పాత్రలో ఆహారం గలగలా మరగదు. మరుగుకు కాస్త దిగువన గంటల తరబడి నిలుస్తుంది. గట్టి మాంసంలోని కండరాలను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం ఆ నిలకడైన వేడికి నెమ్మదిగా కరిగి జిగురుగా మారుతుంది. గోధుమ గింజ లోపలి పిండి నీటిని పీల్చుకుని ఉబ్బి పగులుతుంది. హరీస్‌కు ఆ చిక్కదనం, ఆ మెత్తదనం వచ్చేది ఈ రెండింటి కలయిక వల్లనే. విద్యుత్తు ఖర్చు కూడా ఎక్కువేమీ కాదు. 200 వాట్ల పరికరం ఎనిమిది గంటలు ఆగకుండా పూర్తి శక్తితో నడిచినా 1.6 యూనిట్లే అవుతుంది.

హరీస్ తయారీ

అయిదారుగురికి సరిపోయే కొలత ఇది. మూడున్నర లీటర్ల కుక్కర్‌కు తగినది.

పొట్టు తీసిన గోధుమలు ఒక కప్పు, అంటే దాదాపు 200 గ్రాములు. ఎముక లేని మటన్ ముక్కలు 400 గ్రాములు. రుచి కోసం రెండు నల్లీ ముక్కలు వేసుకోవచ్చు. నీళ్ళు అయిదు కప్పులు (కప్పు 250 మిల్లీలీటర్లు). ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా. దాల్చినచెక్క ఒక ముక్క, యాలకులు మూడు, మిరియాల పొడి అర చెంచా. నెయ్యి మూడు పెద్ద చెంచాలు. పొట్టు తీసిన గోధుమలు దొరకనిచోట లావు గోధుమ నూక వాడవచ్చు. పొట్టుతో ఉన్న గోధుమలు మాత్రం వద్దు. ఎంత ఉడికినా వాటి తొక్క నోటికి తగులుతూనే ఉంటుంది.

అస్ర్ నమాజు తరువాత గోధుమలను కడిగి నానబెట్టాలి. మూడు నాలుగు గంటలు నానితే చాలు. ఇషా తరువాత స్లో కుక్కర్‌లో కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి ఆన్ చేస్తే పాత్ర వేడెక్కుతుంది. పింగాణీకి మరిగే నీళ్ళు ఒక్కసారిగా తగిలితే పగిలే ప్రమాదం ఉంది కనుక ఈ జాగ్రత్త అవసరం. ఈలోగా పొయ్యి మీద వేరే గిన్నెలో మటన్, వడకట్టిన గోధుమలు, కొలిచిన నీళ్ళు కలిపి మరిగించాలి. పైకి తేలిన నురుగు తీసివేస్తూ పది నిమిషాలు గలగలా మరగనివ్వాలి. తరువాత పొయ్యి ఆర్పి, కుక్కర్‌లోని గోరువెచ్చని నీళ్ళు పారబోసి, ఈ మిశ్రమాన్ని అందులోకి మార్చాలి. ఉప్పు, దాల్చినచెక్క, యాలకులు, ఒక చెంచా నెయ్యి వేసి, మూత పెట్టి, ‘లో’ మీద ఎనిమిది గంటలకు ఉంచాలి. రాత్రి తొమ్మిదిన్నరకు పెడితే ఉదయం అయిదున్నరకు సిద్ధం. వేసవిలో ఫజ్ర్ ముందుగా వస్తుంది కనుక ఆ మేరకు తొందరగా మొదలుపెట్టాలి.

ఉదయం మూత తీసి, నల్లీ ఎముకలు, దాల్చినచెక్క, యాలకులు ఏరివేయాలి. పప్పుగుత్తితో పది నిమిషాలు మెదపాలి. మాంసం పోగులు పోగులుగా విడిపోయి గోధుమలో కలిసిపోతుంది. మరీ గట్టిగా ఉంటే కాసిని వేడి నీళ్ళు కలపవచ్చు. మిగిలిన నెయ్యి, మిరియాల పొడి పైన వేసి వడ్డించాలి. పెద్దలకు వేయించిన ఉల్లిపాయలు బాగుంటాయి. పిల్లలకు బార్కస్ పద్ధతిలో చక్కెర చల్లి ఇస్తే మారు అడుగుతారు.

మేము మొదటిసారి చేసినప్పుడు ఈ మరిగించే పని అనవసరమనుకున్నాము. ఫ్రిజ్‌లో నుండి తీసిన మాంసాన్ని, కుళాయి నీళ్ళను నేరుగా పాత్రలో వేసి పడుకున్నాము. తెల్లవారి చూస్తే మాంసం ఉడికింది గాని గోధుమలు పంటి కింద నలగలేదు. నీరు వేరుగా తేలింది. చల్లని పదార్థం వేడెక్కడానికే గంటలు పట్టిందని తరువాత అర్థమయింది. రెండోసారి పొయ్యి మీది వంట లెక్కన ఎనిమిది కప్పుల నీళ్ళు పోశాము. అది గంజిలా అయింది. స్లో కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు. మూతకు తగిలి తిరిగి పాత్రలోనే పడుతుంది. అయిదు కప్పుల కొలతకు మేము అలా చేరుకున్నాము.

మరువరాని జాగ్రత్తలు

వండిన ఆహారం 60 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలో గంటల తరబడి ఉంటే హానికర సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే గడ్డకట్టిన మాంసాన్ని ఎప్పుడూ స్లో కుక్కర్‌లో వేయరాదు. పాత్రను సగం కంటే తక్కువగా గాని, మూడు వంతులకు మించి గాని నింపరాదు. మాటిమాటికీ మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది.

కరెంటు కోత విషయంలో మరింత అప్రమత్తత అవసరం. మీట తిప్పే రకం కుక్కర్ కరెంటు రాగానే తిరిగి పనిచేస్తుంది. అంకెలు కనిపించే రకాలలో చాలావరకు ఆగిపోయి అలాగే ఉండిపోతాయి. రాత్రి కరెంటు పోయిందని తెలిసి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, లేదా ఉదయం మూత తీసినప్పుడు పొగలు కక్కేంత వేడి లేకపోతే, ఆ వంటకం ఇంట్లో వారికి పెట్టకూడదు. ఆహారం వృథా చేయడం మనకు కష్టంగా ఉంటుంది, ఉండాలి కూడా. అయినా పిల్లల ఆరోగ్యం అంతకంటే పెద్ద అమానత్. కోతలు తరచుగా ఉండే రోజుల్లో ఈ వంట పెట్టుకోకపోవడమే మంచిది.

మాంసం బదులు శనగలు వేసుకోవచ్చు. వాటిని కూడా నానబెట్టి, ముందుగా మరిగించాలి. రాజ్‌మా గింజలను మాత్రం పచ్చివిగా స్లో కుక్కర్‌లో వేయరాదు. వాటిలోని ఒక సహజమైన విషపదార్థం ఆ సన్నని వేడికి నశించదు. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు గలగలా మరిగించిన తరువాతే వాడాలి. లేకపోతే వాంతులు, విరేచనాలు తప్పవు.

కుక్కర్‌ను రాతి గట్టు మీద, గోడకు, పరదాలకు దూరంగా పెట్టాలి. పిన్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ తీగలు వద్దు. కొన్న వెంటనే రాత్రిపూట వదిలివేయకుండా, మొదట ఒకటి రెండుసార్లు పగటిపూట నడిపి చూసుకోవాలి. మిగిలిన హరీస్‌ను రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్ళీ తినేటప్పుడు పొయ్యి మీదే బాగా మరిగించాలి. చల్లని వంటకాన్ని వేడి చేయడానికి స్లో కుక్కర్ పనికిరాదు.

పరికరం లేనివారు ఏం చేయాలి?

ఇది చదివి ఎవరూ అప్పు చేసి కుక్కర్ కొనవలసిన అవసరం లేదు. నానిన గోధుమలను, మటన్‌ను సాయంత్రమే ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించి మెదిపి, వెడల్పాటి పళ్ళెంలో పరచి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉదయం కాసిని నీళ్ళు కలిపి, అడుగంటకుండా కలుపుతూ బాగా మరిగే వరకు వేడి చేస్తే పదిహేను నిమిషాల్లో పని ముగుస్తుంది. ఇందులో రాత్రి నిప్పూ లేదు, కరెంటు భయమూ లేదు. కొందరు వేడి వంటకాన్ని హాట్‌ప్యాక్‌లో పెట్టి రాత్రంతా వదిలివేస్తారు. మామూలు హాట్‌ప్యాక్ తెల్లవారే వరకు తగినంత వేడిని నిలుపలేదు. మాంసం వంటకాన్ని అలా ఉంచడం ప్రమాదకరం.

మిగిలిన గంట ఎవరిది?

వంట రాత్రికి మారింది సరే. కాని నానబెట్టడం, కోయడం, మరిగించడం, తెల్లవారి పాత్ర తోమడం అన్నీ ఆ తల్లే చేస్తే భారం వేళ మార్చుకున్నదే గాని తగ్గలేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఆయన ఇంటివారి పనుల్లో నిమగ్నమై ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (ర) సమాధానమిచ్చారు. తన చెప్పులు తానే బాగు చేసుకునేవారు, తన దుస్తులు తానే కుట్టుకునేవారు. ఈ హదీసులు మన ఇళ్ళలో పురుషులకు తెలియనివి కావు. వంటింటి గడప దగ్గరే అవి గుర్తుకు రాకుండా పోతాయి.

ఇది నేర్చుకోవడానికి హరీస్ చక్కని సందర్భం. గోధుమలు నానబెట్టడం పదేళ్ళ పిల్ల చేయగల పని. మాంసం తెచ్చి, కడిగి, మరిగించి పాత్రలోకి మార్చడం భర్త చేయవచ్చు. ఉదయం మెదపడానికి బలమైన చేయి కావాలి. మస్జిదు నుండి వచ్చిన కొడుకు పప్పుగుత్తి పట్టుకుంటే సరి. పాత్రలో గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెడితే తోమడం కూడా తేలికే. మా ఇంట్లో ఈ పంపకం కుదరడానికి కొన్ని వారాలు పట్టింది. మొదట్లో గుర్తు చేయవలసి వచ్చింది. ఇప్పుడు రాత్రి ఎవరి పని వారికి తెలుసు.

మిగిలిన ఆ గంటలో మరో పని పెట్టవద్దని మా మనవి. ఇస్త్రీకో, బట్టలు ఉతకడానికో దానిని అప్పగిస్తే మనం ఏమీ సాధించనట్లే. ఆ తల్లి తొందర లేకుండా నమాజు చేసుకోవాలి, నాలుగు ఆయతులు నెమ్మదిగా పఠించుకోవాలి, కావాలంటే కాసేపు ఊరికే కూర్చోవాలి. తరువాత అందరూ కలిసి దస్తర్‌ఖాన్ దగ్గరకు రావాలి. ఎంత తిన్నా కడుపు నిండడం లేదని సహచరులు విన్నవించుకున్నప్పుడు, కలిసి కూర్చుని అల్లాహ్ నామం స్మరించి తినమని, అందులో శుభం ఉంటుందని దైవప్రవక్త (స) ప్రబోధించారు. అలా కలిసి తినేవారి పంక్తిలో ఇంటి తల్లి కూడా ఉండాలి. పొయ్యి దగ్గర నిలబడి కాదు, పిల్లల పక్కన కూర్చుని, వేడి వేడి గిన్నె ముందు పెట్టుకుని.

వచ్చే శుక్రవారం ఉదయం ప్రయత్నించి చూడండి. గురువారం అస్ర్ తరువాత ఒక కప్పు గోధుమలు నానబెడితే చాలు, మిగిలినది ఇన్షా అల్లాహ్ సులువుగా సాగిపోతుంది. అల్లాహ్ మన ఇళ్ళ ఉదయాలను శుభప్రదం చేయుగాక! ఆ శుభంలో మన తల్లులకు, సోదరీమణులకు నిండైన వాటా ప్రసాదించుగాక! ఆమీన్.